నెలకు ఇన్ని జీబీలేనా?

(విజయవాడలో జరిగిన ఒక వినియోగదారుల అవగాహన సభలో ఒక నెట్‌వర్క్ ఇంజినీరు ప్రసంగం. రికార్డింగ్ విని రాసి, అక్కడక్కడ మాట సరిచేసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నన్ను మాట్లాడమన్న విషయం ఇది: ఇంటికి ఇచ్చే ఇంటర్నెట్ మీద కంపెనీలు నెలకు ఇన్ని జీబీలని పరిమితి పెట్టొచ్చా, పెట్టకూడదా? నా జవాబు ముందే చెప్పేస్తాను, తర్వాత ఎవరికైనా కునుకు పట్టినా నష్టం లేదు. [నవ్వులు] వైరు మీద వచ్చే ఇంటర్నెట్‌కు నెలవారీ జీబీల లెక్క పెడితే నెట్‌వర్క్‌కు ఒరిగేదేమీ లేదు. అది ధర వేసే పద్ధతి, అంతే. ధర వేసుకునే హక్కు కంపెనీకి ఉంది, కాదనను. కానీ ధరను ధరగానే చెప్పాలి. "మీ పక్కింటివాళ్ల మేలు కోసం మీ వాడకం తగ్గిస్తున్నాం" అని చెప్పకూడదు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ కంపెనీల వైపే కూర్చున్నాను. ఆ మాట కస్టమర్‌కు ఎలా చెప్పాలో కాల్ సెంటర్ పిల్లలకు రాసిచ్చే కాగితాలు కూడా చూశాను. అందుకే ఈ విషయం మీద నాకు కాస్త పట్టుదల.

కొంచెం వెనక్కి వెళ్దాం. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ ద్వారా. అప్పుడు జీబీల ఊసే లేదు, లెక్కంతా గంటల్లోనే. ఇన్ని గంటలకు ఇంత అని కొనుక్కోవాలి. ఫోన్ లైను మీదే నడిచేది కాబట్టి నెట్ ఉన్నంతసేపూ ఫోన్ బిల్లు కూడా తిరుగుతూ ఉండేది. లోపల గదిలో అమ్మ రిసీవర్ ఎత్తిందంటే కనెక్షన్ పోయినట్టే. 1998 తర్వాత ప్రైవేటు కంపెనీలకు దారి తెరిచారు. మన సత్యం కంప్యూటర్స్ వాళ్ల సత్యం ఇన్ఫోవే అప్పుడే వచ్చింది. వాళ్లూ గంటల లెక్కనే అమ్మారు. ఆ గంటల లెక్కలో ఒక న్యాయం ఉండేది. మీరు డయల్ చేసినప్పుడు అవతల కంపెనీ దగ్గర ఒక మోడెమ్, మధ్యలో ఒక ఫోన్ సర్క్యూట్ పూర్తిగా మీ ఒక్కరికే కేటాయించినట్టు. మీరు ఏమీ చదవకుండా ఊరికే కూర్చున్నా, ఇంకొకరికి ఆ లైను దొరకదు. కాబట్టి సమయానికి ధర కట్టడం సబబే.

2004లో ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించింది. 256 కేబీపీఎస్, అంటే సెకనుకు 256 కిలోబిట్ల వేగం ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అంది. ఇవాళ ఆ స్పీడుతో ఒక వాట్సాప్ ఫొటో తెరవడానికే మనం నిట్టూరుస్తాం గానీ, అప్పట్లో అది వైభోగం. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చింది. అక్కడ మొదలైంది ఎంబీల, జీబీల లెక్క. ఒకటో రెండో జీబీలు ప్లాన్‌లో ఇచ్చేవాళ్లు, ఆపైన ఎంబీకి ఇంత అని అదనపు బిల్లు. పిల్లలు తెలియక ఏదో డౌన్‌లోడ్ పెట్టి వదిలేస్తే, నెలాఖరుకు బిల్లు చూసి తండ్రి మోడెమ్ పీకేసి బీరువాలో దాచిన ఇళ్లు నాకు తెలుసు.

ఆ రోజుల్లోనే ఒక ప్లాన్ ఉండేది, హోమ్ 500 అని. ఇక్కడ యాభై దాటినవాళ్లకు గుర్తుండాలి. అవునా? చేతులు లేస్తున్నాయి! రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది వరకు ఎంత వాడుకున్నా లెక్కలోకి రాదు. కుర్రాళ్లు అలారం పెట్టుకుని రెండింటికి లేచి డౌన్‌లోడ్ మొదలుపెట్టేవాళ్లు. లేవలేనివాళ్లు కంప్యూటర్‌కే టైమర్ పెట్టేవాళ్లు. మనం నవ్వుకుంటాం గానీ, ఆ పాత ప్లాన్ రాసినవాడెవడో నెట్‌వర్క్ ఎలా పనిచేస్తుందో తెలిసినవాడు. ఇవాళ్టి చాలా ప్లాన్ల కంటే దాంట్లో నిజాయితీ ఎక్కువ. ఎందుకో చెబుతాను. ఈ ఒక్క ముక్క కాస్త నిదానంగా వినండి, మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది.

మీ ఇంట్లో గోడకు బిగించిన చిన్న డబ్బా ఉంటుంది, ఓఎన్‌యూ అంటారు మన ఆపరేటర్లు. దాంట్లోంచి సన్నటి ఫైబర్ బయటికి పోయి, వీధిలో స్తంభం మీదున్న పెట్టెలోకి చేరుతుంది. ఆ పెట్టెలో స్ప్లిటర్ ఉంటుంది. ఒక ఫైబర్‌ను 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది. మన దగ్గర ఎక్కువ చోట్ల వాడే జీపాన్ పద్ధతిలో ఆ ఒక్క ఫైబర్ మీద ఇళ్లవైపు వచ్చే మొత్తం వేగం సెకనుకు రెండున్నర గిగాబిట్లు. 64 ఇళ్లూ ఒకే క్షణంలో పూర్తిగా లాగితే ఇంటికి 39 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 39 మెగాబిట్లు వస్తుంది. మీకు అమ్మింది వంద. మోసం అనకండి, తొందరపడొద్దు. 64 ఇళ్లూ ఒకే క్షణంలో పూర్తిగా లాగడం అనేది జరగదు. మీరు వెబ్ పేజీ తెరిచి చదువుతున్నంతసేపూ లైను ఖాళీ. సినిమా చూస్తున్నా వచ్చేది నాలుగైదు ఎంబీపీఎస్‌లు. ఇలా పంచుకుంటామన్న నమ్మకం మీదే ఇంటి ఇంటర్నెట్ అంత చవగ్గా వస్తోంది. పంచుకోకుండా మీ ఒక్కరికే కావాలంటే లీజ్డ్ లైన్ అని ఉంది, దాని ధర అడిగి చూడండి, తెలుస్తుంది.

అయితే ఇరుకు ఎప్పుడు వస్తుంది? రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా. అన్నాలు అయ్యాక అందరూ ఫోనో టీవీయో పట్టుకునే వేళ. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో క్రికెట్ ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది, మన గుండెలు పగిలిన రోజు. ఒకే సమయంలో 5.9 కోట్ల మంది హాట్‌స్టార్‌లో ఆ మ్యాచ్ చూశారు. నెట్‌వర్క్ ఇంజినీరుకు కాళ్లు వణికే సాయంత్రం అంటే అది. ఆ గంటలో నెలంతా నెట్ ముట్టని పెద్దాయన మ్యాచ్ పెట్టుకున్నా, నెలకు 2,000 జీబీ లాగే కుర్రాడు అదే మ్యాచ్ పెట్టుకున్నా, నెట్‌వర్క్ మీద పడే బరువు ఒకటే. అదే కుర్రాడు తెల్లవారుజామున మూడింటికి 100 జీబీ గేమ్ దింపుకున్నాడనుకోండి. అప్పుడు లైన్లన్నీ ఖాళీ. ఎవరికీ నష్టం లేదు. నెలవారీ మీటరు ఏం చేస్తుంది? ఆ పెద్దాయన్ను ఏమీ అనదు, ఈ కుర్రాడి మీద 100 జీబీ రాస్తుంది. రద్దీకీ మీటరుకూ సంబంధం ఎక్కడుంది?

కంపెనీ డబ్బు కట్టే తీరు చూసినా ఇదే తేలుతుంది. మీ ఆపరేటరు పెద్ద కంపెనీ దగ్గర బ్యాండ్‌విడ్త్ కొంటాడు. జీబీల లెక్కన కొనడు. ఎన్ని ఎంబీపీఎస్‌లు, ఎన్ని గిగాబిట్ల లైను అని కొంటాడు. ప్రపంచమంతా వాడే ఇంకో పద్ధతి ఉంది. ఐదు నిమిషాలకోసారి ట్రాఫిక్ ఎంతుందో కొలుస్తారు. నెలకు 8,640 కొలతలు వస్తాయి. వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న ఐదు శాతం, అంటే 36 గంటల కొలతలు, తీసేస్తారు. మిగిలినవాటిలో పైనున్న అంకె మీద బిల్లు. చూడండి, రాత్రి మూడింటి కొలత ఆ బిల్లులో ఎక్కడా కనిపించదు. సాయంత్రం కొలతే బిల్లు రాస్తుంది. పైగా ఇవాళ మనం చూసే వీడియోలో చాలా భాగం దూరం నుంచి రానే రాదు. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ లాంటివాళ్లు తమ కాష్ సర్వర్లను, అంటే జనం ఎక్కువగా చూసే వీడియోల కాపీలు దాచే కంప్యూటర్లను, ఇంటర్నెట్ కంపెనీల గదుల్లోనే పెడతారు. మీరు యూట్యూబ్‌లో చూసే పాట అమెరికా నుంచి సముద్రం దాటి వస్తోందనుకుంటారేమో, చాలాసార్లు అది మీ ఊరికి దగ్గర్లోని డేటా గది నుంచే వస్తుంది.

ఇక్కడ ఒకాయన చేయి ఎత్తుతున్నారు. అడగండి సార్.

[సభలో నుంచి: కరెంటుకు మీటరు ఉంది కదండీ. వాడినోడు కడతాడు. నెట్‌కు ఎందుకు వద్దు?]

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారనే చూస్తున్నాను. మంచి ప్రశ్న. మీరు ఒక యూనిట్ కరెంటు ఎక్కువ వాడితే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో అంత బొగ్గు ఎక్కువ కాలుతుంది. ఆ బొగ్గును కొనాలి, రైల్లో తేవాలి. అంటే మీ యూనిట్‌కు నిజంగా ఒక ఖర్చు ఉంది. మీరు ఒక జీబీ ఎక్కువ వాడితే ఏం కాలింది? ఏదీ కాలలేదు. ఫైబర్ వేశారు, స్విచ్ వెలుగుతోంది, మీరు వాడినా వాడకపోయినా ఆ ఖర్చు ఖర్చే. ఈ వ్యాపారంలో డబ్బంతా ఎక్కడ పోతుందంటే, గొయ్యి తవ్వడానికి, స్తంభం అద్దెకు, తెగిన ఫైబర్ అతకడానికి, రాత్రి పదింటికి వర్షంలో నిచ్చెన వేసుకుని ఎక్కే కుర్రాడి జీతానికి, ఆపరేటరు వాటాకు. వీటిలో ఏదీ మీ జీబీలను బట్టి పెరగదు. అయినా కరెంటు వాళ్లు కూడా పెద్ద పరిశ్రమల దగ్గర వేళను బట్టి రేటు మారుస్తారు. మీ పోలికే పట్టుకుంటే, నెట్‌కు ఉండాల్సింది వేళను బట్టి రేటు గానీ నెల మొత్తానికి కోటా కాదు. అంటే మళ్లీ మన రెండింటి అలారం ప్లానే! [నవ్వులు]

ఇప్పుడు పరిమితులు నిజంగా ఎందుకు వస్తాయి, ఎందుకు పోతాయి అన్న సంగతికి వస్తాను. మాటల కంటే జరిగినవే చూద్దాం.

2019 సెప్టెంబరు 5న జియోఫైబర్ మొదలైంది. ఆనాడు దాని ప్లాన్లన్నిటికీ జీబీల పరిమితి ఉంది. 699 రూపాయల ప్లాన్‌లో 100 జీబీ, దానిమీద కొంత అదనం. దాదాపు ఏడాది గడిచాక, 2020 ఆగస్టు ఆఖరులో, అదే కంపెనీ 399 నుంచి మొదలుపెట్టి పరిమితి లేని ప్లాన్లు ప్రకటించింది. కొద్ది రోజులకే ఎయిర్‌టెల్ కూడా 499 ప్లాన్ తెచ్చి అన్నిటికీ అన్‌లిమిటెడ్ అంది. ఆ తర్వాత బీఎస్ఎన్ఎల్ 449 ప్లాన్‌తో వచ్చింది. ఆ కొద్ది రోజుల్లో ఎయిర్‌టెల్ దేశమంతా కొత్త ఫైబర్ వేసిందా? లేదు. స్ప్లిటర్లు మార్చిందా? లేదు. పోటీ వచ్చింది, పరిమితి పోయింది. "నెట్‌వర్క్ తట్టుకోలేదు" అన్న మాట వారంలో మాయమైంది. అదీ కరోనా మధ్యలో, అందరూ ఇళ్లలోనే కూర్చుని ఎన్నడూ లేనంత వాడుతున్నప్పుడు.

అమెరికాలో మన పిల్లలుండే ఊళ్లలోనూ ఇదే కథ నడిచింది. కామ్‌కాస్ట్ అని అక్కడ చాలా పెద్ద కేబుల్ కంపెనీ. 2008లో 250 జీబీ పరిమితి పెట్టింది. తర్వాత అది టెరాబైట్, అంటే వెయ్యి జీబీ అయి, 1.2 టెరాబైట్లు అయింది. దాటితే ప్రతి 50 జీబీకి 10 డాలర్లు, నెలకు గరిష్ఠంగా 100 డాలర్లు. అట్లాంటా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లను అడగండి, ఈ బిల్లు సంగతి కథలు కథలుగా చెబుతారు. విచిత్రం ఏమిటంటే అదే కంపెనీ ఈశాన్య రాష్ట్రాల్లో ఆ పరిమితి అమలు చేయలేదు. అక్కడ వెరైజన్ ఫైబర్ పోటీగా ఉంది. 2020 మార్చిలో కరోనా రాగానే దేశమంతా పరిమితి ఎత్తేశారు, జూన్ ఆఖరు దాకా. నెట్‌వర్క్ కూలలేదు. జులైలో మళ్లీ తెచ్చారు. చివరికి 2025 జూన్‌లో కొత్త ప్లాన్లలో పరిమితే తీసేశారు. అప్పటికి మొబైల్ కంపెనీలు టవర్ నుంచి ఇంటికి ఇంటర్నెట్ ఇస్తూ వాళ్ల కస్టమర్లను లాక్కుపోతున్నాయి మరి.

నిజంగా రద్దీ భయం ఉన్నప్పుడు ఏం చేస్తారో కూడా కరోనాలోనే చూశాం. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలవగానే మన దేశంలో వీడియో కంపెనీలు కూర్చుని ఒక మాట అనుకున్నాయి. మొబైల్ నెట్‌వర్క్‌ల మీద హెచ్‌డీ ఆపేసి 480 రిజల్యూషన్‌కు దించాయి. యూరప్‌లో నెట్‌ఫ్లిక్స్ కూడా వీడియో పంపే వేగాన్ని తగ్గించింది. అంటే అందరికీ, కొన్నాళ్లపాటు, ఒక్కొక్కరి వేగం కాస్త తగ్గించడం. రద్దీకి మందు అది. "ఈ నెల నీ కోటా అయిపోయింది" అనడం కాదు.

సరే, "మాకిప్పుడు పరిమితి లేదుగా, అన్‌లిమిటెడ్ కదా" అంటారు మీలో కొందరు. ఉంది. చాలా ప్లాన్లలో చిన్న అక్షరాల్లో 3,300 జీబీ అని రాసి ఉంటుంది. ఎఫ్‌యూపీ అంటారు, న్యాయమైన వాడకం నిబంధన అని దాని భావం. ఎవరికి న్యాయమో అడగకండి. దీన్ని నేను పెద్దగా తప్పుపట్టను, లెక్క చెబుతాను చూడండి. నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీ గంటకు 3 జీబీ దాకా తీసుకుంటుంది. టీవీ కట్టేయకుండా నెలంతా, రాత్రింబవళ్లు, 720 గంటలు నడిపినా 2,160 జీబీ. ఇంకా వెయ్యి జీబీ పైనే మిగులుతుంది. ఇల్లు ఇల్లుగా వాడితే ఆ గీత దాటడం కష్టం.

ఒక చిక్కు మాత్రం చెబుతాను, ఎందుకంటే దీంట్లో మామూలు ఇళ్లు కూడా పడతాయి. సీసీ కెమెరాలు. ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంట్‌లో, ప్రతి గుమ్మం ముందు పెడుతున్నారు. రికార్డింగ్ ఇంట్లో డీవీఆర్ డబ్బాలో ఉంటే ఫర్వాలేదు, మీరు ఫోన్‌లో చూసినప్పుడే డేటా పోతుంది. అదే రికార్డింగ్ అంతా ఎప్పటికప్పుడు క్లౌడ్‌కు పంపే రకమైతే, 2 ఎంబీపీఎస్ కెమెరా ఒక్కటే రోజుకు 21 జీబీ పైన, నెలకు 650 జీబీ దాకా పంపుతుంది. నాలుగు కెమెరాలు పెట్టారంటే సినిమా ఒక్కటీ చూడకుండానే 2,600. అప్‌లోడ్‌ను కూడా లెక్కలో కలుపుతారని చాలామందికి తెలియదు. కొనేటప్పుడే షాపు అతన్ని అడగండి.

వేగానికీ పరిమితికీ మధ్య ఉన్న తమాషా చూడండి. 2017లో హైదరాబాద్‌లో యాక్ట్ ఫైబర్‌నెట్ ఒక గిగాబిట్ వేగంతో ఇంటి కనెక్షన్ తెచ్చింది. మన దగ్గర అది గర్వంగా చెప్పుకోవాల్సిన విషయమే, నేనూ చెప్పుకున్నాను. నెలకు 5,999 రూపాయలు, ఒక టెరాబైట్ డేటా. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, సెకనుకు ఒక గిగాబిట్ అంటే గంటకు 450 జీబీ. అంటే చెప్పిన వేగంతో వాడితే నెల కోటా రెండుంబావు గంటల్లో ఖతం. మిగతా 29 రోజులూ ఆ వేగాన్ని తలుచుకుంటూ కూర్చోవాలి. ఆ రోజుల్లో ఎవరూ అంత వాడలేదనుకోండి. అయినా వేగాన్ని పెద్ద అక్షరాల్లో అమ్మి, కోటాను చిన్న అక్షరాల్లో దాచే అలవాటు ఈ పరిశ్రమలో అన్ని కంపెనీలకూ ఉంది.

ఇప్పుడు అవతలి పక్షం మాట. వాళ్ల దగ్గర ఏమీ లేదని అనను.

వైరు లేకుండా, రేడియో మీద ఇచ్చే ఇంటర్నెట్ వేరు. జియో ఎయిర్‌ఫైబర్ లాంటివి. వాటికి నెలకు 1,000 జీబీ పరిమితి పెట్టారు. అక్కడ టవర్‌కు ఉన్న స్పెక్ట్రమ్, అంటే రేడియో తరంగాల వాటా, ఇంతే. ఆ టవర్ ఒకవైపు ఫోన్లు వాడేవాళ్లంతా దాన్నే పంచుకోవాలి. ఫైబర్ అయితే డబ్బాలు మార్చి పది రెట్లు పెంచొచ్చు. స్పెక్ట్రమ్‌ను అలా పెంచలేం. అక్కడ కూడా నెలకోటా కంటే రద్దీవేళ నియంత్రణే సరైనదని నా అభిప్రాయం. కానీ పరిమితి పెట్టినవాణ్ణి అక్కడ నేను అర్థం చేసుకోగలను.

రెండోది, ఏపీ ఫైబర్‌నెట్. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడి వచ్చి ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ ఇస్తామన్నారు. ఆ చవక ప్లాన్‌లో డేటాకు పరిమితి ఉంది, దాటితే వేగం తగ్గేది. దీన్ని నేను తిట్టను. అంతవరకు నెట్ అన్నదే చూడని ఇంటికి ఆ ధరకు ఇవ్వాలంటే ఎక్కడో ఒక గీత గీయాలి. బస్తీలో ముసలావిడకు నెలకు 20 జీబీ చాలు, ఆమెకు తక్కువ ధరకు ఇవ్వండి, శుభ్రంగా ఇవ్వండి. కంపెనీలు ఈ ముసలావిడ పేరు చెప్పి పరిమితిని సమర్థించుకుంటాయి. "ఎక్కువ వాడేవాడి భారం ఆవిడ మీద ఎందుకు వేయాలి" అంటాయి. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పరిమితి పెట్టినప్పుడు ఆవిడ బిల్లు తగ్గడం చూడలేదు. ఎక్కువ వాడేవాడి బిల్లు పెరగడమే చూశాను.

ఇంకో ప్రమాదం ఉంది, అది నాకు అన్నిటికంటే ముఖ్యం. పరిమితి తక్కువగా ఉన్నప్పుడు, దేన్ని లెక్కలోంచి మినహాయిస్తే అదే గెలుస్తుంది. అమెరికాలో 2015లో కామ్‌కాస్ట్ స్ట్రీమ్ టీవీ అని సొంత వీడియో సర్వీసు తెచ్చింది. దాన్ని చూస్తే కోటాలో పడదు, పక్కవాడి సర్వీసు చూస్తే పడుతుంది. అర్థమైంది కదా. మన దేశంలో ఈ తలుపు కొంతవరకు మూసేశారు. ఫేస్‌బుక్ కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా ఇస్తానన్న ఫ్రీ బేసిక్స్ గొడవ గుర్తుందా? లక్షల మంది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు ఈమెయిళ్లు పంపారు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ నిబంధన తెచ్చింది: ఏ వెబ్‌సైటు, ఏ యాప్ చూస్తున్నారన్నదాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధర వేయకూడదు. ఆ రోజు ఈమెయిలు పంపినవాళ్లు ఈ గదిలో ఎవరైనా ఉంటే, అయ్యా, మీకు నా దండం.

మరి మనం ఏం అడగాలి? పరిమితిని నిషేధించమని నేను అడగను. నిషేధిస్తే 399 ప్లాన్ 599 అవుతుంది, అంతే. నేను అడిగేది, ఉన్న నియమాన్ని గట్టిగా అమలు చేయమని. 2016 అక్టోబరులో ట్రాయ్ ఒక ఆదేశం ఇచ్చింది. పరిమితి ఎంత, అంతవరకు వేగం ఎంత, దాటాక వేగం ఎంత, ఈ మూడూ వెబ్‌సైట్‌లోనూ ప్రకటనల్లోనూ స్పష్టంగా చెప్పాలి. వాడకం సగానికి చేరినప్పుడు, 90 శాతానికి చేరినప్పుడు కస్టమర్‌కు కబురు పెట్టాలి. దాటాక కూడా వేగం 512 కేబీపీఎస్ కంటే తగ్గకూడదు. 512 ఎందుకంటే అప్పటికి బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనం అది. 2023 జనవరిలో ఆ నిర్వచనాన్ని 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. కాబట్టి ఇవాళ ఎవరైనా పరిమితి దాటాక అరకొర వేగం ఇస్తే, అది వాళ్లు అమ్మిన సరుకే కాదు. బ్రాడ్‌బ్యాండ్ అని డబ్బు తీసుకుని ఇంకేదో ఇస్తున్నట్టు. 512తో ఆన్‌లైన్ క్లాసు నడవదు. వీడియోలో డాక్టరు ముఖం కదలదు. ఇంటి నుంచి పనిచేసే అమ్మాయి మీటింగ్‌లోంచి జారిపోతుంది. 2020 తర్వాత తెనాలిలో, నరసాపురంలో కూర్చుని హైదరాబాద్, బెంగళూరు ఉద్యోగాలు చేసిన పిల్లలు ఎంతమంది! వాళ్లకు నెల ఇరవై ఐదో తారీఖున నెట్ చచ్చుబడితే జీతం మీదికే వస్తుంది.

పరిమితి కంటే పెద్ద బాధ మనకు ఇంకొకటి ఉంది, అసలు లైనే లేకపోవడం. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాయి. తర్వాత స్తంభాల మీద వేలాడే కేబుళ్లను నగరమంతా కత్తిరించారు. ఎన్నో ఇళ్లలో నెట్ పోయింది. ప్రాణం ముందు నెట్ ఎంత, ఆ కోపం న్యాయమైనదే. కానీ ఏళ్ల తరబడి భూమిలో వేయాల్సిన ఫైబర్‌ను స్తంభాలకు చుట్టి వదిలేసి, ఇక్కడ మాత్రం జీబీలు లెక్కపెట్టే పరిశ్రమ మీద నాకూ కోపం ఉంది. ఇది మన విషయం కాదు, వదిలేద్దాం. టైమ్ అయిందా? ఇంకో రెండు ప్రశ్నలు తీసుకుంటాను.

[ప్రశ్న: మాది నెల మధ్యలోనే స్లో అవుతోందండీ. పరిమితి దాటిందో, వాళ్ల లైనే బాగోలేదో ఎలా తెలుస్తుంది?]

అమ్మా, ముందు మీ కంపెనీ యాప్‌లోకో కస్టమర్ పేజీలోకో వెళ్లండి, వాడకం ఎంతైందో చూపిస్తుంది. తర్వాత వేగం రెండుసార్లు కొలవండి, రాత్రి తొమ్మిదిన్నరకు ఒకసారి, పొద్దున ఆరింటికి ఒకసారి. వైఫై మీద కాదు, వైరు పెట్టి కొలవండి. రెండు వేళల్లోనూ ఒకే తక్కువ అంకె, అదీ 2 లేదా 4 అని గుండ్రటి అంకె వస్తే పరిమితి దాటినట్టే. పొద్దున బాగుండి రాత్రి పడిపోతే అది రద్దీ. మీ తప్పు కాదు, వాళ్లు లైను పెంచాలి. ఎప్పుడు చూసినా పైకీ కిందకీ ఊగుతుంటే ఫైబర్ ఎక్కడో వంగిందో, అతుకు బాగోలేదో. ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు తీసుకోండి. నంబరు ఇవ్వకుండా "చూస్తాం మేడమ్" అంటే ఒప్పుకోవద్దు. అక్కడ తేలకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు, ఆ డాకెట్ నంబరుతో వాళ్లకు రాయండి.

[ప్రశ్న: సార్, నాకు హాస్టల్ ఉంది. నలభై మంది పిల్లలు. ఇంటి ప్లాన్ ఒకటే తీసుకున్నాం. మూడో వారానికి స్లో చేసేస్తున్నారు. ఇది అన్యాయం కాదా?]

కాదు. [నవ్వులు] నవ్వకండి, పాపం నిజాయితీగా అడిగారు. ఇంటి ప్లాన్ ధర ఒక కుటుంబం వాడకాన్ని ఊహించి వేస్తారు. నలభై మంది పిల్లల దగ్గర నెట్ పేరుతో డబ్బు తీసుకుని, ఆ ధరకే నడుపుతానంటే కంపెనీ మిమ్మల్ని ఆపడంలో తప్పు లేదు. 3,300 గీత మీలాంటి వాడకం కోసమే ఉంది. బిజినెస్ ప్లాన్ తీసుకోండి, లేదా ఫ్లోరుకో కనెక్షన్ చొప్పున పెట్టండి. లెక్క వేసుకుంటే పిల్లాడికి నెలకు యాభై రూపాయలు కూడా పడదు. ఏ కంపెనీ తీసుకున్నా రెండు అంకెలు కాగితం మీద రాయించుకోండి: పరిమితి ఎంత, దాటాక వేగం ఎంత. రాసివ్వనంటే పక్క కంపెనీవాణ్ణి పిలవండి. ఈ ఊళ్లో నలుగురున్నారు.